ఎయిర్‌గ్లోను కెమెరాలో పట్టుకోవడం ఎలా?

ఊరి దీపాలకు దూరంగా వెళ్లి, అమావాస్య రోజుల్లో ఆకాశాన్ని ఫోటో తీసేవాళ్లలో చాలామంది ఒక విషయం గమనించే ఉంటారు. నక్షత్రాలు చక్కగా వస్తాయి, పాలపుంత కూడా వస్తుంది, కానీ దిగంతానికి కాస్త పైన ఆకాశం ఆకుపచ్చగా పడుతుంది. వైట్ బ్యాలెన్స్ తేడా వచ్చిందనుకుని ఎడిటింగ్‌లో ఆ రంగును తీసేస్తారు. నిజానికి ఆ ఆకుపచ్చ చాలాసార్లు కెమెరా తప్పు కాదు. నేల నుంచి దాదాపు 97 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ పరమాణువులు వదులుతున్న కాంతి అది. దాని పేరు ఎయిర్‌గ్లో. అది ప్రతి రాత్రీ ఉంటుంది, భూమి మీద ప్రతి చోటా ఉంటుంది. చెరిపేయడానికి ముందు ఒక్క రాత్రి దాని కోసమే కెమెరా పెట్టి చూడండి అని నేను గట్టిగా చెబుతాను. ఖరీదైన సామాను అక్కర్లేదు. ఎటు చూడాలో, ఎంత ఎత్తున చూడాలో, ఏది ఎయిర్‌గ్లోనో ఏది కాదో తెలిస్తే చాలు.

ముందు, మీరు వెతుకుతున్నది ఏమిటి?

పగటిపూట సూర్యుడి అతినీలలోహిత కిరణాలు పై వాతావరణంలోని ఆక్సిజన్ అణువులను చీల్చి విడి పరమాణువులుగా మారుస్తాయి. అక్కడ గాలి చాలా పలుచన కాబట్టి పొద్దు గూకగానే అవన్నీ కలిసిపోవు. రాత్రంతా నెమ్మదిగా, ఎప్పుడో ఒకటి మరొకదానికి తగిలినప్పుడు మళ్లీ అణువులవుతాయి. ఆ కలయికలో పుట్టిన శక్తి మరో ఆక్సిజన్ పరమాణువుకు అంది, అది 557.7 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిగా బయటికి వస్తుంది. ఇంకా కిందికి వస్తే ఈ పనికి కావలసిన విడి పరమాణువులు మిగలవు; చిక్కటి గాలిలో ఢీకొట్టుకోవడాల వల్ల ఉన్న శక్తి కూడా వెలుగు కాకముందే పోతుంది. ఇంకా పైకి వెళ్తే ఒకదానికొకటి తగిలే అవకాశమే తక్కువ. అందుకే ఆకుపచ్చ వెలుగు కొద్ది కిలోమీటర్ల మందం ఉన్న పొరలా ఉంటుంది. అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన రాత్రి ఫోటోల్లో భూమి అంచుకు కాస్త పైన సన్నటి ఆకుపచ్చ గీత కనిపిస్తుంది చూడండి, అది ఈ పొరే. మనం దాన్ని కింద నుంచి చూస్తాం.

ఆకుపచ్చ ఒక్కటే కాదు. దాదాపు 250 కిలోమీటర్ల ఎత్తున అదే ఆక్సిజన్ 630 నానోమీటర్ల ఎర్రటి కాంతినిస్తుంది. ఈ ఎరుపును వదలడానికి పరమాణువుకు సగటున 110 సెకన్లు పడుతుంది. అంతసేపు దేనికీ తగలకుండా ఉండాలంటే అంత ఎత్తున, అంత పలుచని గాలిలోనే సాధ్యం. 90 కిలోమీటర్ల దగ్గర, ఉల్కలు కాలిపోతూ వదిలిన సోడియం పసుపు రంగునిస్తుంది. 87 కిలోమీటర్ల దగ్గర హైడ్రాక్సిల్ అణువులు వీటన్నిటికంటే ఎంతో ఎక్కువగా వెలుగుతాయి, కానీ ఆ వెలుగులో ఎక్కువ భాగం పరారుణంలో ఉంటుంది. మన కళ్లకు పరారుణం కనిపించి ఉంటే అమావాస్య రాత్రిని ఎవరూ చీకటి అనేవాళ్లు కాదు.

దీన్ని ధ్రువకాంతితో (అరోరాతో) కలపకండి. ధ్రువకాంతి అంతరిక్షం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్ల వల్ల పుడుతుంది, ఎక్కువగా ధ్రువాల చుట్టూనే ఉంటుంది. ఎయిర్‌గ్లోకు పగటి ఎండ చాలు. 1868లో స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ ధ్రువకాంతిలో ఉండే ఆకుపచ్చ గీతే మామూలు రాత్రి ఆకాశంలోనూ ఉందని గమనించారు. అది ఆక్సిజన్‌దేనని టొరంటోలో మెక్‌లెనన్, ష్రమ్ అనే శాస్త్రవేత్తలు తేల్చింది 1925లో. అంటే యాభై ఏళ్లకు పైగా ఆ రంగు ఎక్కడిదో ఎవరికీ తెలియలేదు.

రోజు ఎంచుకోవడం

పంచాంగం చూసుకోండి. బహుళ దశమి నుంచి అమావాస్య దాటి శుద్ధ తదియ దాకా సాయంత్రం నుంచి అర్ధరాత్రి వరకు చంద్రుడి బెడద దాదాపు ఉండదు. శుద్ధ తదియ నాడు మాత్రం చంద్రుడు అస్తమించేదాకా ఆగాలి. సగం చంద్రుడున్నా ఎయిర్‌గ్లో ఫోటోకు పనికిరాదు, ఈ విషయంలో రాజీ పడకండి.

సూర్యాస్తమయం తర్వాత మన ప్రాంతాల్లో ఆకాశం పూర్తిగా చీకటి కావడానికి సుమారు గంటంపావు పడుతుంది. దానికి ముందు తీసిన ఫోటోలో కనిపించే వెలుగు సంధ్యది కావచ్చు.

ఆంధ్ర, తెలంగాణల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మబ్బులు తక్కువ, కానీ తెల్లవారుజామున పొగమంచు పడుతుంది. అందుకే చలికాలంలో రాత్రి తొలి సగం నాకు నమ్మకంగా అనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో దుమ్ము వల్ల దిగంతం దగ్గర ఏమీ తేలదు. మనకు కావలసింది సరిగ్గా ఆ దిగంతం దగ్గరి ఆకాశమే. అన్నిటికంటే మంచిది ఒక వాన కడిగి వెళ్లిన తర్వాత వచ్చే తేట రాత్రి. అలాంటిది దొరికితే పనులు వాయిదా వేసుకునైనా వెళ్లండి.

సూర్యుడి పదకొండేళ్ల చక్రానికీ దీనికీ సంబంధం ఉంది. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, ఎయిర్‌గ్లో కూడా పెరుగుతుంది. ప్రస్తుత చక్రం గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ సంస్థలు నాసా, నోవా ప్రకటించాయి. ఆ దశ నుంచి దిగే తొలి ఏళ్లు కూడా ఈ పనికి మంచివే.

చోటు

ఎయిర్‌గ్లోకు చీకటి కావాలి, దానితో పాటు కింద దాకా తెరిచి ఉన్న ఆకాశం కావాలి. పాలపుంత కోసం వెళ్లేవాళ్లు నడినెత్తి ఆకాశం బాగుంటే సరిపెట్టుకుంటారు. మీకు అది చాలదు. మీరు చూడబోయే దిక్కులో వంద కిలోమీటర్ల లోపు పెద్ద పట్టణం లేకుండా చూసుకోండి. కాంతి కాలుష్యం చూపించే మ్యాపులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మీ చోటు రంగు మాత్రమే చూసి ఊరుకోకుండా, అక్కడి నుంచి మీరు కెమెరా తిప్పే దిక్కులో ఏ ఊళ్లున్నాయో కూడా చూడండి.

హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ వైపు వెళ్లడం సులువు. కానీ అక్కడ తూర్పు ఆకాశం మొత్తం నగరం వెలుగుతో నిండి ఉంటుంది, పడమరకో నైరుతికో తిరగాలి. రాయలసీమ వాళ్లకు గండికోట, హార్స్‌లీ హిల్స్ లాంటి చోట్లు ఉన్నాయి. కోస్తాలో సూర్యలంక, హంసలదీవి లాంటి తీరాల నుంచి సముద్రం వైపు చూస్తే అటు ఊళ్లుండవు, అది పెద్ద లాభం. నష్టం ఏమిటంటే సముద్రపు తేమ దిగంతాన్ని మసక చేస్తుంది, వేట పడవల దీపాలు కూడా ఉండొచ్చు. నన్నడిగితే తీరం కంటే కొండే మేలు. ఇంకొంచెం దూరం వెళ్లగలిగితే నాగపూర్‌కు ఉత్తరాన పెంచ్ టైగర్ రిజర్వ్ ఉంది. మహారాష్ట్ర వైపు భాగానికి 2024లో డార్క్ స్కై పార్క్ గుర్తింపు వచ్చింది. లద్దాఖ్‌లోని హాన్లే సంగతి వేరు. 2022 డిసెంబరులో దాన్ని డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. 4,000 మీటర్లకు పైబడిన ఎత్తు, ఎండిన గాలి. అక్కడ ఎయిర్‌గ్లోను తప్పించుకోవడమే కష్టం.

నల్లమల చాలా చీకటిగా ఉంటుంది, నిజమే. కానీ అది పులుల అభయారణ్యం. అడవి గుండా వెళ్లే శ్రీశైలం రోడ్డు మీద రాత్రిపూట రాకపోకలపై నిషేధం ఉంటుంది. దారిలో బండి ఆపి ట్రైపాడ్ వేసే ఆలోచన పెట్టుకోకండి. పొలాల్లోకి దిగేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. అడవిపందుల కోసం గట్ల వెంట కరెంటు తీగలు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి పగలే వెళ్లి చోటు చూసుకోండి, పొలం రైతుతో మాట్లాడండి, ఆ రాత్రి ఫలానా చోట కెమెరాతో ఉంటామని ఊళ్లో ఒకరిద్దరికి చెప్పండి. అర్ధరాత్రి చీకట్లో టార్చితో తిరిగే కొత్త మనిషిని చూస్తే ఊరివాళ్లకు అనుమానం రావడం సహజం. బూట్లు వేసుకోండి, ఒంటరిగా వెళ్లకండి.

ఎంత ఎత్తున చూడాలి?

ఈ పని మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కిటికీ అద్దంలోంచి నేరుగా చూస్తే దాని రంగు తెలియదు. అదే అద్దాన్ని అంచు వైపు నుంచి చూస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది, ఎందుకంటే చూపు ఎక్కువ అద్దం గుండా వెళ్తుంది. ఎయిర్‌గ్లో పొర కూడా అంతే. నడినెత్తిన మీ చూపు పొరను నిటారుగా దాటేస్తుంది. దిగంతం వైపు వంగేకొద్దీ పొర గుండా ఏటవాలుగా ఎక్కువ దూరం వెళ్తుంది. లెక్క వేస్తే 30 డిగ్రీల ఎత్తున నడినెత్తి కంటే దాదాపు రెట్టింపు, 15 డిగ్రీల ఎత్తున మూడు రెట్లకు పైగా వెలుగు పోగవుతుంది. ఇంకా కిందికి పోతే పెరగాలి కదా అంటే, అక్కడ కింది వాతావరణంలోని దుమ్ము, తేమ ఆ వెలుగును మింగేస్తాయి. మొత్తం మీద 10 నుంచి 20 డిగ్రీల మధ్య బాగుంటుంది. డచ్ శాస్త్రవేత్త వాన్ రైన్ పేరు మీద దీన్ని వాన్ రైన్ ప్రభావం అంటారు.

చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం మీద ఒకటిన్నర పిడికిలి ఎత్తు అంటే 15 డిగ్రీలు. మన రాష్ట్రాల వాళ్లకు ఇంతకంటే తేలికైన గుర్తు ఇంకోటుంది. ధ్రువ నక్షత్రం ఎత్తు ఆ చోటి అక్షాంశంతో దాదాపు సమానం. తిరుపతిలో అది 13.6 డిగ్రీల ఎత్తున ఉంటుంది, హైదరాబాద్‌లో 17.4, ఆదిలాబాద్‌లో 19.7. అంటే కొండలూ చెట్లూ అడ్డం లేకపోతే, ఉత్తరాన ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున ఉందో సరిగ్గా అంత ఎత్తులోనే ఎయిర్‌గ్లో బాగా కనిపిస్తుంది. ముందు ఆ నక్షత్రాన్ని ఫ్రేములోకి తీసుకుని ఎత్తు గుర్తు పెట్టుకోండి, తర్వాత మిగతా దిక్కులకు తిప్పినా ఆ ఎత్తు మార్చకండి. అమెరికాలో, యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఈ గుర్తు పనికిరాదు. అక్కడ ధ్రువ నక్షత్రం చాలా పైన ఉంటుంది కాబట్టి పిడికిలి లెక్కే వాడుకోవాలి.

ఈ ఎత్తున మీరు చూసే వెలుగు మీ తల మీది ఆకాశంలోది కాదని గుర్తుంచుకోండి. 15 డిగ్రీల ఎత్తున మీ చూపు 97 కిలోమీటర్ల పొరను తాకే చోటు నేల మీద లెక్కిస్తే 325 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. శ్రీశైలం అక్షాంశం నుంచి నేరుగా దక్షిణానికి చూస్తే ఆ వెలుగు పలమనేరు చుట్టుపక్కల ఆకాశంలోది అన్నమాట. ఎర్రటి పొర ఇంకా పైన ఉంది కాబట్టి అదే ఎత్తున దాన్ని చూస్తే 700 కిలోమీటర్లు దాటిపోతుంది.

సామాను, సెట్టింగులు

మాన్యువల్ మోడ్ ఉన్న ఏ డీఎస్‌ఎల్‌ఆర్ అయినా, మిర్రర్‌లెస్ అయినా సరే. 14 నుంచి 24 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్, ఎఫ్2.8 లేదా అంతకంటే పెద్ద అపెర్చర్ ఉంటే హాయి. అది లేకపోతే కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ చాలు, 18 దగ్గర ఎఫ్3.5 పెట్టండి. గట్టి ట్రైపాడ్, ఇంకో బ్యాటరీ, ఎర్ర కాంతి టార్చి, లెన్స్ తుడవడానికి పొడి గుడ్డ.

ఫైళ్లు రా ఫార్మాట్‌లో తీయండి. అపెర్చర్ పూర్తిగా తెరవండి. ఐఎస్ఓ 3200తో మొదలుపెట్టి అవసరమైతే 6400కు వెళ్లండి. షట్టర్ 20 నుంచి 30 సెకన్లు. నక్షత్రాల ఫోటోలకు 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించి వచ్చిన సెకన్లు దాటొద్దంటారు, క్రాప్ సెన్సర్ అయితే ఇంకా 1.5తో భాగించాలి. ఇక్కడ నక్షత్రాలు కొద్దిగా సాగినా పట్టించుకోకండి, మన వస్తువు అంచుల్లేని వెలుగు. వైట్ బ్యాలెన్స్ మాత్రం ఆటోలో ఉంచొద్దు. 4000 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టండి. ఆటో అయితే కెమెరా ఆ ఆకుపచ్చను తప్పనుకుని తనే సరిచేయడానికి చూస్తుంది, ఒక ఫ్రేమ్‌కూ మరో ఫ్రేమ్‌కూ రంగు మారుతుంది, తర్వాత దేన్నీ నమ్మలేరు.

ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో బాగా వెలిగే నక్షత్రాన్ని పది రెట్లు పెద్దది చేసి, అది సన్నటి చుక్క అయ్యేదాకా రింగు తిప్పండి. లెన్స్ మీద ఉన్న అనంతం గుర్తును నమ్మకండి. ఇమేజ్ స్టెబిలైజేషన్ ఆపేయండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపేయండి, లేకపోతే 25 సెకన్ల ఫోటో తర్వాత కెమెరా ఇంకో 25 సెకన్లు ఖాళీగా కూర్చుంటుంది. మొదటి ఫ్రేమ్ తీశాక స్క్రీన్ వెలుగు చూసి మోసపోవద్దు, హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి. గుట్ట ఎడమ గోడకు అంటుకోకుండా, పావు నుంచి మూడో వంతు దూరంలో ఉంటే సరి.

ఫోన్‌తో కూడా వస్తుంది. ఆస్ట్రో మోడ్ ఉన్న ఫోన్ అయితే ట్రైపాడ్ మీదో రాయికి ఆనించో పెట్టి ఆ మోడ్‌లో వదిలేయండి. లేకపోతే ప్రో మోడ్‌లో 30 సెకన్లు, ఐఎస్ఓ 3200, టైమర్ 3 సెకన్లు. అయితే ఫోన్ సాఫ్ట్‌వేర్ చాలా ఫ్రేములను కలిపి, రంగులు తనకు నచ్చినట్టు మారుస్తుంది. ఆకుపచ్చ కనిపించిందని సంతోషించండి, కానీ దాని ఆధారంగా ఏదీ కొలవకండి.

కళ్లతో కనిపిస్తుందా అని అందరూ అడుగుతారు. అరగంట పాటు ఫోన్ స్క్రీన్ చూడకుండా చీకట్లో ఉంటే, మంచి రాత్రి దిగంతం పైన ఆకాశం బూడిద రంగు మసకలా కొంచెం లేతగా కనిపిస్తుంది, ఒక్కోసారి చారలు కూడా తెలుస్తాయి. రంగు మాత్రం కనిపించదు, ఎందుకంటే చీకట్లో పనిచేసే కంటి కణాలకు రంగు తెలియదు. ఇక 630 నానోమీటర్ల ఎరుపుకు ఆ కణాలు స్పందించడమే చాలా తక్కువ.

ఒక్క ఫోటోతో ఆగొద్దు

నాలుగు దిక్కులా ఒక్కో ఫ్రేమ్ తీయండి. ఎక్కువ చారలు, ఎక్కువ రంగు ఉన్న దిక్కు ఎంచుకుని, దిగంతం ఫ్రేమ్ అడుగున కొద్దిగా పడేలా కెమెరాను కదలకుండా బిగించండి. షట్టర్ 20 సెకన్లకు పెట్టి, ఇంటర్వెల్ మోడ్‌లో 25 సెకన్లకొక ఫ్రేమ్ చొప్పున రెండు గంటలు వదిలేయండి. 288 ఫ్రేములు వస్తాయి, సెకనుకు 24 చొప్పున ఆడిస్తే 12 సెకన్ల వీడియో. 32 జీబీ కార్డు మామూలుగా సరిపోతుంది. చలికాలంలో అరగంటకోసారి లెన్స్ ముందు భాగం చూడండి. మంచు పడితే ఫోటోలన్నీ మెత్తగా, ఎయిర్‌గ్లోలాగే వస్తాయి, ఇంటికొచ్చాక తేడా చెప్పడం కష్టం.

ఆ 12 సెకన్ల వీడియో కోసమే ఇంత దూరం వచ్చాం. ఒక్క ఫోటోలో పచ్చటి మసకలా ఉన్నది వీడియోలో అలలు అలలుగా కదులుతుంది. కింద ఎక్కడో ఉరుముల మేఘం పైకి లేచినప్పుడు, గాలి కొండను తాకి ఎగిసినప్పుడు పుట్టే అలలు పైకి ప్రయాణించి, పలుచని గాలిలో ఇంకా పెద్దవై, ఈ పొరను తాకుతాయి. గాలి నొక్కుకున్న చోట వెలుగు పెరుగుతుంది, విప్పుకున్న చోట తగ్గుతుంది. పదుల కిలోమీటర్ల వెడల్పున్న ఆ అలలు సెకనుకు పదుల మీటర్ల వేగంతో కదులుతాయి. 2014 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ మీద కమ్ముకున్న పెద్ద ఉరుముల మేఘం లేపిన గుండ్రటి అలలను టిబెట్ వైపు హిమాలయాల నుంచి ఫోటో తీశారు, ఆకాశం నిండా రంగురంగుల వలయాలు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉండి మీ ఊరి పైన ఆకాశం తేటగా ఉన్న రాత్రి దొరికితే, ఆ దిక్కుకే కెమెరా పెట్టండి.

సెప్టెంబరు, అక్టోబరు, మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లేవాళ్లు పొద్దు గూకిన తర్వాతి మూడు నాలుగు గంటల్లో ఉత్తర ఆకాశాన్ని కూడా వదలొద్దు. భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస దగ్గరి నుంచి వెళ్తుంది. ఆ రేఖ పైన లేచిన ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వాయువు) ఉత్తరంగా జారి మధ్య భారతం మీద పోగవుతుంది, అక్కడ ఎర్రటి కాంతి పెరుగుతుంది. ఆ ఎరుపులో కొన్ని రాత్రులు ఉత్తర దక్షిణాలుగా సాగిన నల్లటి చారలు కనిపించి తూర్పుకు కదులుతాయి. అవి ప్లాస్మా బుడగలు, జీపీఎస్ సిగ్నళ్లను చెడగొట్టేవి ఇవే. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఆకాశం మొత్తాన్ని ఒకేసారి చూసే ఎయిర్‌గ్లో కెమెరాతో, రాడార్‌తో వీటిని పరిశీలిస్తుంది. మామూలు కెమెరాలో ఈ చారలు రావడం కష్టమే. సెన్సర్ ముందున్న ఫిల్టర్ తీయించిన ఆస్ట్రో కెమెరా అయితే అవకాశం పెరుగుతుంది.

ఇది ఎయిర్‌గ్లోనేనా?

ఇక్కడ తొందరపడితే ఏ పచ్చదనమైనా ఎయిర్‌గ్లో అయిపోతుంది. ఊరి వెలుగు దిగంతాన్ని తాకి అక్కడే అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది, గుమ్మటంలా ఒకే దిక్కులో కదలకుండా ఉంటుంది. ఎయిర్‌గ్లో దిగంతానికి కాస్త పైన ఎక్కువగా ఉండి కిందికి వచ్చేసరికి తగ్గుతుంది, అన్ని దిక్కుల్లోనూ ఎంతో కొంత ఉంటుంది. పలుచని మబ్బు అడ్డం వస్తే నక్షత్రాల చుట్టూ మసక వలయం వస్తుంది, చిన్న నక్షత్రాలు మాయమవుతాయి. ఎయిర్‌గ్లో చార ఎంత వెలుగుగా ఉన్నా దాని వెనక నక్షత్రాలు చెక్కుచెదరవు, ఎందుకంటే అది దేన్నీ అడ్డుకోదు. ఫిబ్రవరి, మార్చిలో సాయంత్రం పడమర నుంచి, సెప్టెంబరు, అక్టోబరులో వేకువన తూర్పు నుంచి కోణంలా పైకి లేచే తెల్లటి వెలుగు రాశిచక్ర కాంతి. గ్రహాల మధ్య దుమ్ము మీద పడే ఎండ అది. నక్షత్రాలతో పాటే కదులుతుంది.

మిగిలింది కెమెరా సెన్సర్ సొంత పచ్చదనం. దానికి పరీక్ష సులువు. నడినెత్తికి ఒక ఫ్రేమ్, 15 డిగ్రీల ఎత్తుకు ఒక ఫ్రేమ్, అవే సెట్టింగులతో తీయండి. పచ్చదనం రెంటిలో సమానంగా ఉంటే సెన్సర్‌ను అనుమానించండి. కింది ఫ్రేమ్‌లో స్పష్టంగా పెరిగి, అరగంటలో ఆకారం మారితే మీకు దొరికినట్టే.

ఎడిటింగ్

ముందు లెన్స్ ప్రొఫైల్‌తో మూలల చీకటిని సరిచేయండి, లేకపోతే అదీ చారలాగే కనిపిస్తుంది. తర్వాత రంగు నాయిస్ తగ్గించండి, ఆ తర్వాతే కాంట్రాస్ట్, శాచురేషన్ కొద్దిగా పెంచండి. ఈ క్రమం తప్పితే నాయిస్ కూడా పచ్చబడుతుంది. ఆస్ట్రో సాఫ్ట్‌వేర్లలో పచ్చదనం తీసేసే ఆప్షన్, ఆకాశపు వెలుగును సమం చేసే ఆప్షన్ ఉంటాయి, అవి రెండూ ముట్టుకోవద్దు. డార్క్‌టేబుల్, సిరిల్ ఉచితంగా దొరుకుతాయి, ఈ పనికి సరిపోతాయి.

స్టాకింగ్ అలవాటున్నవాళ్లు గంట సేపటి ఫ్రేములను కలిపేస్తారు. ఎయిర్‌గ్లోకు అలా చేయకూడదు. సెకనుకు 50 మీటర్ల వేగంతో కదిలే అల పది నిమిషాల్లో 30 కిలోమీటర్లు జరుగుతుంది, అంటే ఒక చార ఉన్న చోటికి పక్క చార వచ్చేస్తుంది. రెండు మూడు నిమిషాలకు మించి కలపకండి. ఆకాశం రేడియం పచ్చగా మెరిసేదాకా స్లైడర్ లాగకండి కూడా. చూసినవాళ్లు ధ్రువకాంతి అనుకుంటారు, మీ ఫోటోలోని నిజం పోతుంది.

ఇద్దరుంటే ఎత్తు కొలవవచ్చు

ప్రతి రాత్రికీ తేదీ, ఫ్రేముల సమయం, చోటు, దిక్కు, దిగంతం నుంచి చార ఎత్తు, గాలి తేట ఎలా ఉందో రాసి పెట్టుకోండి. కెమెరా గడియారాన్ని ఫోన్ సమయంతో సెకను తేడా లేకుండా సరిచూసుకుంటే ఆ రాతకు విలువ వస్తుంది, ఎందుకంటే దానితో ఒక మంచి ప్రయోగం చేయవచ్చు.

50 కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో చీకటి చోట మీ మిత్రుడిని ఇదే సామానుతో ఉంచండి. ఇద్దరూ ఒకే సమయానికి, ఆకాశంలో ఒకే నక్షత్రాల గుంపు వైపు కెమెరా తిప్పి వరసగా ఫ్రేములు తీయండి. మీ ఇద్దరికీ సరిగ్గా మధ్యనున్న ప్రదేశానికి నడినెత్తిన ఒక చార అంచు ఉందనుకుందాం. పొర 97 కిలోమీటర్ల ఎత్తున ఉంటే, మీ ఫోటోకూ మీ మిత్రుడి ఫోటోకూ మధ్య నక్షత్రాలతో పోల్చినప్పుడు ఆ అంచు దాదాపు 29 డిగ్రీలు జరిగి కనిపించాలి. మబ్బయితే చాలా కింద ఉంటుంది కాబట్టి జరుగుబాటు ఇంతకంటే ఎంతో ఎక్కువ ఉంటుంది. ఈ కొలతకు దిగంతం దగ్గరి చారలు పనికిరావు. అవి చాలా దూరంలో ఉంటాయి కాబట్టి జరుగుబాటు తక్కువ, అదీ కాక ఏ చార ఏదో పోల్చుకోలేరు. 50, 60 డిగ్రీల పైన కనిపించే స్పష్టమైన అంచు కావాలి, అది సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, అలలు బలంగా ఉన్న రాత్రే దొరుకుతుంది. ఇద్దరి ఫ్రేముల్లో అదే అంచు ఉందని నమ్మకం కుదరడానికి ఒక్క జత చాలదు. కనీసం పావుగంట ఫ్రేములను పక్కపక్కన ఆడించి, రెండు వీడియోల్లోనూ ఆ అంచు ఒకే దిక్కుకు, ఒకే వేగంతో కదులుతోందో లేదో ముందు చూసుకోండి, ఆ తర్వాత కోణం కొలవండి.